వేళ తప్పిన నమూనా

ఆసుపత్రిలో ఆమెను గడియారమ్మ అంటారు. ఎదురుగా అనరు, ఎదురుగా మేడమే. అయినా ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ, పోనీలే గుడ్లగూబ అనలేదు కదా అని ఊరుకుంది. చేతికి ఒక వాచీ, బల్ల మీద ఒక గడియారం, గోడకు ఇంకొకటి. పొద్దున ఎనిమిదింటికి మూడూ ఒకే నిమిషం చూపిస్తేగానీ ఆమె తెల్లకోటు బొత్తాలు పెట్టుకోదు.

ఆమె పని చెప్పటానికి ఒక్క వాక్యం చాలు: హెచ్ఐవీ ఉన్న మనిషి మింగిన మాత్ర రక్తంలో ఎంత ఉందో కొలవటం. చక్కెర కొలిచేవాళ్ళు, కొవ్వు కొలిచేవాళ్ళు పక్క గదుల్లో ఉంటారు. వాళ్ళకు జనమూ ఎక్కువే, పేరూ ఎక్కువే. ఈమె గదికి ఒక కిటికీ, ఒక యంత్రం. ఆ యంత్రాన్ని అందరూ ముసలాయన అంటారు. పొద్దున అరగంట వేడెక్కితేగానీ పలకడు, మధ్యాహ్నం కాస్త దగ్గుతాడు, కానీ అంకె ఇచ్చాడంటే దానికి తిరుగులేదు. ఇరవై ఆరేళ్ళుగా మీ ఇద్దరిదీ ఒకటే కాపురం, మా తమ్ముడే మధ్యలో వచ్చాడు అని ఆమె ఆడపడుచు వెక్కిరిస్తుంటుంది.

ఏటా ఆసుపత్రి వార్షికోత్సవంలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని సేవాభావం గురించి మాట్లాడతారు. ఆమెకు ఆ మాట పడదు. "కెమిస్ట్రీలో సెకండ్ క్లాసు వచ్చినదానికి అప్పట్లో దొరికిన ఉద్యోగం ఇదొక్కటే," అంటుంది. "సేవ చేద్దామని రాలేదు. వచ్చాక పని నచ్చింది. నచ్చిన పని తప్పుగా చెయ్యటం నాకు సిగ్గు. దానికింత ఉపన్యాసం దేనికి?"

నచ్చటానికి కారణం ఉంది. మాత్ర మింగగానే అది తిన్నగా వెళ్ళి వైరస్ మీద పడుతుందని మామూలుగా అందరూ అనుకుంటారు. అంతకంటే ముందు మన ఒంట్లోని ఎంజైములు ఆ మాత్ర మీద పడతాయి. కాలేయానికి మందనీ విషమనీ తేడా లేదు. బయటినుంచి వచ్చింది ఏదైనా సరే, విప్పి, విరిచి, బయటికి సాగనంపటమే దానికి తెలిసిన మర్యాద. కొన్ని మాత్రలు నిద్రపోతూ లోపలికి వెళ్తాయి, ఎంజైము వచ్చి కత్తిరిస్తేగానీ మేలుకోవు. కొన్ని మెలకువగానే వెళ్తాయి, ఎంజైము కత్తిరిస్తే అక్కడితో సరి. ఇంకొన్నిటికి తోడుగా రెండో మాత్ర ఒకటి ఇస్తారు. దాని పనల్లా ఎంజైము చేతులు కట్టెయ్యటం. వైరస్‌ను అణిచేది మందే, కాదనటం లేదు. కానీ ఆ మందు ఎంతసేపు ఉండాలో, ఎంత ఉండాలో చెప్పేది మనిషి ఒళ్ళు. మోతాదు నిర్ణయించేవాళ్ళు వందలమంది ఒళ్ళు చూసి ఒక సగటు కడతారు. ఆ సగటు మనిషి ఎక్కడుంటాడో గానీ, ఇరవై ఆరేళ్ళలో గడియారమ్మ కిటికీ దగ్గరికి మాత్రం రాలేదు.

అందుకే ఆమెకు వేళ అంటే అంత పట్టింపు. మాత్ర ఎప్పుడు మింగారు, రక్తం ఎప్పుడు తీశారు, ఈ రెండూ తెలియకపోతే ముసలాయన ఇచ్చే అంకెకు అర్థం లేదు.

ఆ పట్టింపు వెనక ఒక కథ కూడా ఉంది. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఒకాయన రక్తం వచ్చింది. చీటీలో 'మాత్ర రాత్రి తొమ్మిదికి' అని ఉంది. అంకె ఆరున్నర వచ్చింది. ఆ మందు నాలుగు దాటకూడదు. ఆమె ఉన్నదున్నట్టు రాసి పంపింది. అప్పటి డాక్టరు మోతాదు సగానికి తగ్గించాడు. నాలుగు నెలలకు వైరస్ లేచి కూర్చుంది. తీరా ఆరా తీస్తే ఆయన రాత్రి మరిచిపోయి, పరీక్షకు వస్తూ దారిలో మింగి వచ్చాడట, తిడతారని అబద్ధం చెప్పాడట. ఆయన ప్రాణానికేమీ కాలేదు, వేరే మాత్రలకు మారి ఇప్పటికీ శుభ్రంగా ఉన్నాడు. కానీ గడియారమ్మకు మాత్రం ఆ ఆరున్నర గొంతులో ముల్లులా ఉండిపోయింది. మర్నాడే వెళ్ళి ఒక రబ్బరు ముద్ర చేయించుకొచ్చింది: 'వేళ తప్పిన నమూనా. మళ్ళీ పంపండి.' అప్పటినుంచి ఆ మందు అంకె ఆరు దాటిందంటే చాలు, ఎర్ర సిరా, ఆ ముద్ర. చుట్టుపక్కల ఆసుపత్రులవాళ్ళు కూడా ఆ పద్ధతే పట్టుకున్నారు. ఇరవై ఏళ్ళలో దాన్ని ప్రశ్నించినవాళ్ళు లేరు, వదిన తప్ప.

వదిన అంటే భర్త అక్కే. పై అంతస్తులో హెచ్ఐవీ వార్డులో నర్సు. రక్తం తీసేది ఆవిడ, కొలిచేది ఈవిడ. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరూ లేబొరేటరీ పక్కనున్న చిన్న గదిలో డబ్బాలు విప్పుకుని కూర్చుంటారు. ఆ గది కిటికీకి ఎదురుగా ఏదో పెద్ద భవనం లేస్తోంది, దాని మీద పసుపు రంగు క్రేను. ఏడాదిన్నరగా అన్నం తింటూ ఆ క్రేను చూడటం గడియారమ్మకు అలవాటైపోయింది. కొక్కేనికి ఎంత బరువు వేలాడుతున్నా సరే, చెయ్యి తిరిగి, ఆగాల్సిన చోట ఆగేది. ఊగేది కాదు. తనలాంటివాడెవడో పైన కూర్చున్నాడు అనుకునేది ఆమె, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి గురించి. రెండు నెలలుగా మాత్రం బరువు ఆగాల్సిన చోట ఆగకుండా గుడిగంటలా ఊగుతోంది.

"కొత్తవాడెవడో ఎక్కాడు వదినా. చూడు ఆ ఊపు. పాతవాడెక్కడికి పోయాడో."

వదిన చేతి సంచీలోంచి వార్డు తాలూకు నకలు కాగితం ఒకటి తీసి డబ్బా పక్కన పెట్టింది. ఎర్ర ముద్ర.

"ఇది మూడోది," అంది. "ఒకే మనిషికి. మూడుసార్లూ నా చేత్తో తీశాను. మూడుసార్లూ అడిగాను, రాత్రే వేసుకున్నానన్నాడు. నువ్వేమో మూడుసార్లూ ముద్ర కొట్టి పైకి పంపావు."

"రాత్రి మరిచిపోయి పొద్దున వేసుకుంటున్నాడు. ఆ మాట నీతో చెప్పడు."

"మరిచిపోయేవాడికి వైరస్ లేకుండా ఎలా పోయింది? ఆ పరీక్ష శుభ్రంగా వచ్చింది."

"మానేశాడని నేనన్నానా? పొద్దున వేసుకుంటున్నాడన్నాను. అందుకే పొద్దున తీసిన రక్తంలో అంకె ఎక్కువ. అందుకే పగలంతా తల తిరుగుతోందని అంటున్నాడు. అన్నీ సరిపోతున్నాయా లేదా?"

"సరిపోతున్నాయి. అదే నాకు నచ్చటం లేదు," అంది వదిన. "నీకు మనుషుల కన్నా ముసలాయనంటేనే నమ్మకం ఎక్కువ. ఆ మనిషి అబద్ధం చెప్పే రకం కాదు."

"నువ్వు అందరినీ అలాగే అంటావు. మీ తమ్ముడి గురించి కూడా పెళ్ళికి ముందు అలాగే చెప్పావు."

"మా తమ్ముడి గురించి నేను చెప్పింది ఒక్కటైనా అబద్ధమైందా?"

"గురక పెట్టడన్నావు."

వదిన నవ్వు ఆపుకుని డబ్బా మూత పెట్టేసింది. మాట అక్కడికి ఆగింది గానీ, ఆ కాగితం మాత్రం తీసుకోకుండా వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆ మనిషే వచ్చాడు. లేబొరేటరీ కిటికీ అవతల నలభై అయిదేళ్ళ మనిషి, ఎండకు మాడిన మెడ, అరచేతుల్లో కాయలు. చేతిలో మూడు ఎర్ర ముద్రలు.

"ఇవి కొట్టేది మీరేనా?"

"నేనే."

"ఒకసారి చూసి పోదామని వచ్చాను. ఇంట్లో నా భార్య కూడా నన్ను ఇంత అనుమానించలేదు."

అరిచి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. అరిచేవాళ్ళకు చెప్పాల్సిన జవాబు ఆమె దగ్గర ఇరవై ఏళ్ళుగా తయారుగా ఉంది. ఈయన అరవలేదు. పక్కనున్న బెంచీ మీద కూర్చుని, గోడకు తల ఆనించి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు.

"తల తిరుగుతోందా?"

"పొద్దున లేచిన దగ్గర్నుంచి తిరుగుతూనే ఉంటుంది. పదకొండు గంటలకు కాస్త నయం. నిద్రలో వచ్చే కలల సంగతి చెప్పను, చెబితే మీరు దానికీ ఒక ముద్ర కొడతారు."

"ఏం పని చేస్తారు?"

అతను వరండా అవతలికి వేలు చూపించాడు. పసుపు రంగు క్రేను.

"పొద్దున్నే రెండువందల నలభై మెట్లు, నిలువు నిచ్చెన. సాయంత్రం మళ్ళీ అన్నీ దిగాలి. మావాళ్ళు నన్ను పైవాడు అంటారు. ఏదైనా ఆలస్యమైతే, అంతా పైవాడి దయ అంటారు. రెండు నెలల కింద నూట పదో మెట్టు దగ్గర చెయ్యి జారింది. నడుముకు తాడుంది, ఏం కాలేదు. కానీ చూసినవాళ్ళు చూశారు. ఆ రోజునుంచి కింద ఇటుకలు లెక్కపెట్టిస్తున్నారు. పైవాడు కిందికి దిగాడని ఇప్పుడు అదొక వేళాకోళం."

గడియారమ్మ అతని అరచేతుల్లోని కాయలు చూసింది. ఏడాదిన్నరగా తను చూస్తున్నది ఈ చేతుల పనే అన్నమాట.

"ఒక మాట చెప్పి పోతాను," అన్నాడతను లేస్తూ. "మొదట ఇచ్చిన మాత్రకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఇది రెండోది. మూడోది చూద్దామంటే ముందు వేళకు వేసుకోవటం నేర్చుకోమంటున్నారు. నేను వేళకే వేసుకుంటున్నాను. రాత్రి తొమ్మిదింటికి, వార్తలు మొదలయ్యేటప్పుడు. మీరు నమ్మరు, సరే. ఇంకో నెల చూస్తాను. తల ఇలాగే తిరిగితే మాత్ర మానేసి పైకెక్కుతాను. అక్కడ కూర్చుంటే నేనొక మనిషిని. ఇక్కడ మూడు ముద్రలు."

మానేస్తే ఏమవుతుందో ఆమె చెప్పనక్కర్లేదు. అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, గోడ పట్టుకోకుండా నడవటానికి శ్రద్ధగా ప్రయత్నిస్తూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె భర్త ఆమెను తీసుకెళ్ళటానికి వచ్చేసరికి, బల్ల మీద ఆరేళ్ళ రిజిస్టర్లు పరిచి ఉన్నాయి. ఆయన పుస్తకాలు బైండు చేస్తాడు. ఈ రిజిస్టర్లన్నీ ఆయన కుట్టినవే. లోపల ఏముందో ఆయన ఎన్నడూ చదవలేదు, చదవకూడదు కూడా. వీపు మాత్రం నిమిరి చూస్తాడు.

"ఈ కుట్టు చూశావా, ఆరేళ్ళయినా ఒక్క దారం సడలలేదు."

"కూర్చోండి. ఇంకో గంట పడుతుంది. మీ అక్క నా ప్రాణం తీసింది."

"మా అక్కకు అది పుట్టుకతో వచ్చిన విద్య."

ఆమె వేలు ఎర్ర ముద్రల మీద నడుస్తోంది. ఆరున్నర, ముద్ర. ఏడు, ముద్ర. మళ్ళీ పంపిస్తే రెండు ముప్పావు, సరే. ఇలాంటివే ఎక్కువ. ముద్ర తన పని తను చేస్తోంది. ఇంకో పేజీ. పదిన్నర, ముద్ర. మళ్ళీ పంపిస్తే పది, ముద్ర. మళ్ళీ పంపిస్తే... మళ్ళీ రాలేదు. ఆ రోగి నంబరు ఇక ఎక్కడా లేదు.

"ఏమండీ, మీ జిగురు ఎంతసేపటికి ఆరుతుంది?"

"కాగితాన్ని బట్టి. గరుకు కాగితం పది నిమిషాల్లో పీల్చేస్తుంది. నున్నటిది గంటైనా తడిగానే ఉంటుంది. డబ్బా మీద అరగంట అని రాసి ఉంటుందనుకో, అది రాసినవాడు ఏ కాగితం చూసి రాశాడో."

"నున్నటి కాగితం మీద ఆరలేదంటే, ఇప్పుడే పూశారనుకుంటారా?"

"ఎందుకనుకుంటాను? పూసింది నేనే కదా."

ఆమె కలం కింద పెట్టింది. పూసిన మనిషికి తెలుసు, ఎప్పుడు పూశాడో. అతన్ని అడిగితే సరిపోతుంది. అడిగినదాన్ని నమ్మితే సరిపోతుంది.

అసలు సంగతి ఇంకా సిగ్గుపడాల్సింది. ఒక మనిషి మాత్రను రాత్రికి బదులు పొద్దున మింగితే అంకె ఎంత లేస్తుంది? నాలుగుకు లోపల ఉండాల్సింది ఐదవుతుంది, ఆరవుతుంది, మహా అయితే ఏడు. ఒక్క మాత్రలో అంతకన్నా మందు లేదు. పైవాడివి మూడు అంకెలు: పదకొండు పాయింటు ఎనిమిది, పన్నెండు పాయింటు నాలుగు, పదకొండు పాయింటు ఒకటి. వేళ ఎంత తప్పినా ఒక్క మాత్రతో పన్నెండు రాదు. రోజురోజుకూ మిగిలిపోతూ, మిగిలినదాని మీద కొత్తది చేరుతూ పోతేనే వస్తుంది. అంటే విప్పాల్సిన ఎంజైము విప్పటం లేదు. సెకండ్ క్లాసు కెమిస్ట్రీకి ఈ లెక్క ఎక్కువేం కాదు. ఆరు దాటితే ముద్ర అని నియమం పెట్టింది తను. ఆరు దాటి ఎంతవరకు అన్న ప్రశ్న ఆ నియమంలో లేదు. ఇరవై ఏళ్ళ కిందటి ఒక్క అబద్ధాలకోరు కోసం కట్టిన గోడకు తలుపు పెట్టటం మరిచిపోయింది.

ఏడ్చే మనిషి కాదు. లెక్కపెట్టింది. తొమ్మిది దాటిన అంకెతో రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ ముద్ర పడినవాళ్ళు ఆరేళ్ళలో పదకొండు మంది. పైవాడు కాక. నంబర్లు ఒక కాగితం మీద రాసుకుంది.

"ఆకలేస్తోంది," అన్నాడు భర్త.

"నాకూ," అంది ఆమె, ఆశ్చర్యంగా. తప్పు దొరికితే ఆకలి వెయ్యటం చిన్నప్పటినుంచీ ఉన్న గుణం.

మర్నాడు పొద్దున చిన్న డాక్టరు గదికి వెళ్ళింది. చిన్న డాక్టరంటే వార్డులో రెండేళ్ళ కింద చేరిన అమ్మాయి, ఎప్పుడూ ఏదో ఒకటి తినబోతూ ఆపేసిన మనిషిలా ఉంటుంది. అంకెలన్నీ విన్నాక ఆ అమ్మాయి చేతిలోని బిస్కెట్టు పళ్ళెంలో పెట్టేసింది.

"మేడమ్, మీరే కదా నాకు చేరిన మొదటి వారం చెప్పింది, అంకె ఎక్కువొస్తే ముందు వేళ అనుమానించమని?"

"చెప్పాను. ఇప్పుడు వేరేలా చెబుతున్నాను."

"మోతాదు తగ్గించాక మళ్ళీ వైరస్ లేస్తే?"

"ఉత్తపుణ్యాన తగ్గించమనటం లేదు. ఒక రోజు పరీక్ష పెడదాం. మాత్రల సీసా మా వదిన దగ్గర ఉంటుంది. సాయంత్రం ఎనిమిదింటికి వార్డులోనే, ఆవిడ కళ్ళ ముందే మింగుతాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరుకు రక్తం తీస్తాం. పొద్దున దొంగతనంగా మింగి ఉంటే మధ్యాహ్నానికి అంకె ఎక్కి, సాయంత్రానికి దిగాలి. ఎంజైము మందకొడిదైతే మూడూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి."

"ఆయన ఒప్పుకుంటాడా?"

"అడగటానికి నేనే వెళ్తాను."

అడగటానికి వెళ్ళినప్పుడు అతను నిజంగానే ఇటుకలు లెక్కపెడుతున్నాడు. ఆమె తెల్లకోటు లేకుండా వెళ్ళింది, అందుకని మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నెత్తిమీది టోపీ సర్దుకున్నాడు.

"నాలుగో ముద్ర పని దగ్గరికే తెచ్చి ఇస్తున్నారా?"

"లేదు. తప్పు నాదేనేమో అని చూడటానికి మీ రోజొకటి కావాలి."

"నాదేనేమో అంటే? ఇంకా అనుమానమేనా?"

"అనుమానం నా ఉద్యోగం. ఈసారి నా మీద పెట్టుకుంటున్నాను."

పైన క్రేను చెయ్యి తిరిగింది. ఇనుప కడ్డీల మోపు గాలిలో అటూ ఇటూ ఊగుతూ దిగుతోంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, ఒకేసారి మొహం చిట్లించారు.

"చెయ్యి ఆపాక ఒక్క క్షణం బరువుతో పాటు పోవాలి," అన్నాడతను. "వీడు పోడు. సరే, వస్తాను."

పరీక్ష రోజంతా అతను లేబొరేటరీ ముందు బెంచీ మీద కూర్చున్నాడు. వదిన మాత్రల సీసాను తన జేబులోనే పెట్టుకుని తిరిగింది. ప్రతి గంటకూ వచ్చి అతని ఎదురుగా నిలబడి, నోరు తెరవమనేది.

"సిస్టరుగారూ, ఇందాకే చూశారు."

"నాకు నువ్వంటే నమ్మకమే నాయనా. మా మరదలి కోసం చూస్తున్నాను. దానికి రాతపూర్వకంగా కావాలి."

మధ్యాహ్నం అన్నం ముగ్గురూ ఒకే గదిలో తిన్నారు. అతను కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కొత్తవాడి పని చూస్తే ముద్ద దిగదట.

ముసలాయన మూడు అంకెలూ వరసగా ఇచ్చాడు. పదకొండు తొమ్మిది. పదకొండు నాలుగు. పదకొండు. కాగితం మీద గీత గీస్తే మెట్టు లేదు, గుట్ట లేదు. పైనుంచి చూసిన రోడ్డులా కాస్త వాలుగా ఉందంతే. గడియారమ్మ ఆ కాగితాన్ని బెంచీ దగ్గరికి తెచ్చి అతని చేతికిచ్చింది.

"తప్పు నాది," అంది. "మీరు వేళకే వేసుకుంటున్నారు. మీ ఒళ్ళు దాన్ని వదలటం లేదు."

అతను గీతను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మూడు కాగితాలు చించెయ్యొచ్చా?"

"నాకివ్వండి. రిజిస్టరులో అతికించాలి. పక్కన సరిదిద్ది సంతకం పెడతాను."

"ఇదీ మా మరదలంటే," అంది వదిన అతనితో. "క్షమాపణ కూడా మూడు కాపీలు."

ఆ ఎంజైము తాలూకు జన్యువును చూసే పరీక్ష కోసం రక్తాన్ని దూరంగా ఉన్న పెద్ద లేబొరేటరీకి పంపారు. జవాబు కోసం ఆగకుండా, చిన్న డాక్టరు మోతాదును మూడో వంతుకు తగ్గించింది. తగ్గించేటప్పుడు ఆ అమ్మాయి చెయ్యి కాగితం మీద కాస్త ఆగింది. గడియారమ్మకు ఆ ఆగటం ఏమిటో తెలుసు. "పదిహేను రోజులకోసారి నేనే కొలుస్తాను," అంది. "రెండుకన్నా కిందికి పోతే ఆ గంటలోనే మీ తలుపు కొడతాను." ఆమె గంట అంటే గంటే అని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. సంతకం పడింది.

వారానికి కలలు పోయాయి. మూడో వారానికి తల తిరగటం పోయింది. అప్పుడే పెద్ద లేబొరేటరీ నుంచి జవాబూ వచ్చింది: అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి, ఆ ఎంజైము జన్యువు రెండు ప్రతులూ మందకొడి రకమే. ఇది జబ్బు కాదు, మామూలుగా ఎంతోమందిలో ఉండేదే, ఈ మాత్ర మింగితేగానీ బయటపడదు అని చిన్న డాక్టరు చెబితే అతను తలూపాడు. "మా నాన్న నిదానం ఊరందరికీ తెలుసు. మా అమ్మ కూడా అని ఇవాళే తెలిసింది. ఆవిడ ఒప్పుకోదు."

పైకెక్కటానికి డాక్టరు అనుమతి కావాలంటే అంకె రెండుసార్లు వరసగా నాలుగుకు లోపల రావాలి, వైరస్ కనపడకూడదు. మొదటిసారి మూడు ఎనిమిది. రెండోసారి మూడు నాలుగు. వైరస్ పరీక్ష శుభ్రం. ఫలితం రోగికి చెప్పటం గడియారమ్మ పని కాదు. అది డాక్టరు చెప్పాలి, చీటీ మీద రావాలి. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె ఫోను తీసింది.

"ఎంత?" అన్నాడు అవతలినుంచి, పలకరింపు కూడా లేకుండా.

"మూడు నాలుగు."

అవతల ఇటుకల చప్పుడు ఆగింది.

"మేడమ్, ఆ ముద్ర ఏం చేశారు?"

"సొరుగులో ఉంది. దాని మాటలు మార్చి కొత్తది చేయించాలి."

"పాతది నాకివ్వండి. మావాళ్ళు రోజూ పావుగంట ఆలస్యంగా వస్తారు. నమూనాలే."

ఆమె ఇవ్వలేదు, ఆసుపత్రి వస్తువు. కానీ ఆ రోజంతా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకుంది. ముసలాయన దగ్గినా విసుక్కోలేదు. కొత్త ముద్ర మీద ఏం ఉండాలో చిన్న డాక్టరూ ఆమే కలిసి రాశారు: ఎనిమిది దాటితే 'మోతాదు ఎక్కువేమో చూడండి' అని. ఆరుకీ ఎనిమిదికీ మధ్య వస్తే ముద్ర లేదు, ఫోను చేసి అడగాలి. వదిన దాన్ని చదివి, "అడగాలి అన్న ముక్క నేను చెప్పిందే," అంది. ఎవరూ కాదనలేదు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరూ డబ్బాలు విప్పారు. ఎదురుగా క్రేను చెయ్యి సిమెంటు పలకను ఎత్తుకుని, భవనం అంచు దాటించి, తిరిగి, ఆగింది. పలక కూడా ఆగింది. గాలిలో గోడకు తగిలించిన పటంలా కదలకుండా ఉండి, నిదానంగా కిందికి దిగింది.

వదిన నమలటం ఆపి చూసింది. "పైవాడు ఎక్కినట్టున్నాడు."

"పన్నెండుంబావుకే ఎక్కాడు," అంది గడియారమ్మ. "నేను చూస్తూనే ఉన్నాను. మధ్యలో రెండుచోట్ల ఆగాడు, ఊరికే ఊరు చూట్టానికి."

"ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా చెప్పు."

"తొమ్మిది."

వదిన తన డబ్బాలోంచి ఒక కూర ముక్క తీసి మరదలి డబ్బాలో పెట్టింది, అంతే.

రెండు గంటలకు లేబొరేటరీ తలుపు తీసేసరికి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి గట్టిగా పట్టుకుని, అంచు మీద కూర్చుంది. పదకొండు మంది జాబితాలో ఉత్తరం అందుకుని వచ్చినవాళ్ళలో మొదటావిడ. బడిలో వంట చేస్తుందని చీటీలో ఉంది. నాలుగేళ్ళ కింద రెండు ముద్రలు పడ్డాక ఇంకో ఆసుపత్రికి మారిపోయిందట. అక్కడా అవే ముద్రలు పడ్డాయట.

గడియారమ్మ కలం తీసి, గోడ గడియారం వైపు, బల్ల మీదిదాని వైపు, చేతి వాచీ వైపు చూసుకుంది.

"రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారమ్మా?"

"తొమ్మిదిన్నరకు." ఆవిడ గొంతు సర్దుకుంది. "నిజంగానే రాత్రేనండీ. మా అమ్మాయిని కూడా అడగొచ్చు, అప్పుడు నా పక్కనే ఉంది..."

"అమ్మాయిని ఎందుకు, మీరు చెప్పారుగా," అంది గడియారమ్మ, తొమ్మిదిన్నర అని రాసుకుంటూ. "సంచీ పక్కన పెట్టి కాస్త వెనక్కి ఆనుకుని కూర్చోండి. సాయంత్రం దాకా మనకు పనుంది."